లాలనయు నాహారమే

పసిబిడ్డకు వేళకు పాలు, ఒంటికి శుచి, రోగము సోకని గాలి, వెచ్చని పడక సమకూర్చినచో పెంపకమున ముఖ్యభాగము ముగిసినట్లేయనియు, తక్కిన ముద్దుమురిపెములన్నియు పెద్దల సంతోషమునకే గాని బిడ్డ మేలునకు గావనియు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో పాశ్చాత్య వైద్యులును మనశ్శాస్త్రజ్ఞులును గట్టిగా నమ్మియుండిరి. ఈ నమ్మకమునకు కొంత కారణము లేకపోలేదు. సూక్ష్మక్రిములే రోగహేతువులని లోకమునకు తెలిసిన కొత్తరోజులవి. అనాథాశ్రమములలో శిశువులు పెద్దసంఖ్యలో మరణించుచుండగా, ఒకరి నుండి మఱియొకరికి క్రిమి సోకకుండ వారిని విడివిడిగా నుంచి, వీలైనంత తక్కువగా ముట్టుకొనుటయే ప్రాణరక్షణోపాయమని తలంచుట సహజమే. అయితే 1928లో అమెరికా మనశ్శాస్త్రవేత్త జాన్ బి. వాట్సన్ శిశుపోషణమును గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ జాగ్రత్తయే ఒక ధర్మశాస్త్రముగా మారెను. పిల్లలను కౌగిలించుకొనరాదు, ముద్దాడరాదు, ఒడిలో కూర్చుండబెట్టుకొనరాదు. తప్పనిసరియైనచో రాత్రి నిద్రకు ముందు నుదుట నొక్క ముద్దు, ఉదయమున కరచాలనము చాలునని ఆయన తల్లులకు విధించెను.

మన యిండ్లలోను ఇట్టి మాట కొత్త కాదు. ఏడ్చిన బిడ్డను వెంటనే చంకకెత్తుకొన్న కోడలిని చూచి, "ఊరికే ఎత్తకమ్మా, ఎత్తు మరుగుతుంది, రేపు నీకు పని సాగదు" అని హెచ్చరించెడి అత్తగారు ఇప్పటికిని ప్రతి వీథిలో నుందురు. కాని ఆ యత్తగారే మఱునాటి యుదయమున పీటపై కూర్చుండి, కాళ్ళు చాచి, వానిమీద బిడ్డను బోర్లా పండుకొనబెట్టుకొని, నూనె మర్దించి, నలుగు పెట్టి, వేన్నీళ్ళు పోసి, సాంబ్రాణి ధూపము పట్టి, ఆ యరగంటసేపును ఎడతెగక బిడ్డతో మాటలాడుచునే యుండును. సిద్ధాంతమున వాట్సన్ పక్షమే యైనను ఆచరణమున ఆమె అందుకు పూర్తిగా విరుద్ధము. ఆ స్పర్శయు, ఆ మాటయు, వానిని ప్రతిదినము అందించెడి ఆ యొక్క మనిషియు బిడ్డ శరీరమునకును బుద్ధికిని అన్నపానములంత అవసరమని విజ్ఞానశాస్త్రము నిరూపించుటకు సుమారు అరువదేండ్లు పట్టినది. ఆ నిరూపణము జరిగిన క్రమమును, దానినుండి మన మేమి గ్రహింపవలెనో దానిని ఇచట వివరించెదను.

వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రెనె స్పిట్జ్ అను వైద్యుడు 1945లో రెండు శిశుగృహములను పోల్చి ఒక వ్యాసము ప్రకటించెను. మొదటిది ఒక స్త్రీల కారాగారమునకు అనుబంధమైనది. అచట శిక్ష ననుభవించుచున్న తల్లులు తమ బిడ్డలను తామే పెంచుకొనుచుండిరి. రెండవది అనాథశిశువుల ఆశ్రమము. పారిశుద్ధ్యమున గాని, వైద్యమున గాని, ఆహారమున గాని దానికి వంక పెట్టవలసిన పని లేదు. కాని సుమారు ఎనిమిదిమంది శిశువుల కొక దాది మాత్రమే యుండెను. తొట్ల ప్రక్కలకు దుప్పట్లు వ్రేలాడగట్టుటచే, పండుకొన్న బిడ్డకు పైకప్పు తప్ప వేఱొక దృశ్యము గాని, ప్రక్కతొట్టిలోని మఱియొక బిడ్డ ముఖము గాని కనబడుట లేదు. నెలల తరబడి వెల్లకిల పండుకొని యుండుటచే పరుపున గుంట పడి, బొర్లవలసిన వయస్సు వచ్చునప్పటికి ఆ గుంటలోనుండి బొర్లలేకపోయిరి.

తొలి నాలుగు నెలలలో ఈ యాశ్రమశిశువుల వికాససూచిక సగటున 124 ఉండెను. సంవత్సరాంతమునకు అది 72కు దిగిపోయెను. కారాగారమున పెరిగిన బిడ్డల సూచిక అదే కాలమున 101.5 నుండి 105కు చేరెను. తరువాతి పరిశీలనమున, ఆశ్రమమందలి 91 మంది శిశువులలో 34 మంది రెండేండ్లలోపల మరణించినట్లు తెలిసెను. బ్రతికినవారిలో రెండు మొదలు నాలుగేండ్ల వయస్సుగల 21 మందిని పరీక్షింపగా వాక్యములు పలుకగలిగినవా రొక్కరే. స్పిట్జ్ పద్ధతిలో లోపములు కలవని, ఆ రెండు గృహముల బిడ్డల పుట్టుపూర్వములు సమానములు కావని తరువాతివారు విమర్శించిరి. ఆ విమర్శ న్యాయమైనదే. అయినను, శుచియైన ఆశ్రమముకంటె కారాగారమే బిడ్డకు మేలైన చోటుగా తేలుట చూచినవారు ఆ ప్రశ్నను మఱి విడిచిపెట్టలేకపోయిరి.

దీనికి కొన్నియేండ్లు ముందుగానే అమెరికాలోని అయోవా రాష్ట్రమున దీని మఱియొక పార్శ్వము బయటపడెను. హెరల్డ్ స్కీల్స్ అను మనశ్శాస్త్రవేత్త అనాథాశ్రమమునుండి, మందబుద్ధులుగా నెంచబడిన ఇద్దరు పసిపిల్లలను చోటు లేక మనోవైకల్యముగల స్త్రీల శరణాలయమునకు పంపవలసి వచ్చెను. కొన్ని నెలల తరువాత అచటికి పోయినప్పుడు, చిఱునవ్వుతో పరుగులు తీయుచున్న ఇద్దరు పిల్లలను చూచి, వారు తాను పంపినవారేయని ఆయన మొదట పోల్చుకొనలేకపోయెను. శరణాలయమందలి స్త్రీలు ఐదు మొదలు తొమ్మిదేండ్ల పిల్లలపాటి బుద్ధిగలవారే. అయినను వారికి తీరిక కలదు, ఆ బిడ్డలపై మమకారము కలదు. దీనిని చూచి స్కీల్స్ మఱికొందఱిని పంపి, మొత్తము 13 మంది పిల్లలను పరిశీలించెను. ఒక్కొక్క బిడ్డను ఒక్కొక్క స్త్రీ తనదిగా చేసికొనెను. వారి ప్రజ్ఞాలబ్ధి సగటున 64 నుండి 92కు పెరిగెను. అనాథాశ్రమమున నిలిచిపోయిన 12 మంది ప్రజ్ఞాలబ్ధి 87 నుండి 60కి తగ్గెను. 1939లో ఈ ఫలితములు ప్రకటింపబడగా, బుద్ధి పుట్టుకతోనే నిర్ణయమగునని నమ్మెడి పండితులు పరిహసించిరి. స్కీల్స్ ఏండ్ల తరబడి వెదకి ఆ యిరువదియైదుగురి జాడను తెలిసికొని 1966లో మఱల వ్రాసెను: మొదటి తెగవారు పదముగ్గురును పెద్దవారై తమ కాళ్ళమీద తాము నిలిచియుండిరి, రెండవ తెగలో నొకరు యౌవనమునకు ముందే శరణాలయమున మరణింపగా, మఱి నలుగు రింకను అట్టి సంస్థలలోనే యుండిరి. మంచి చదువుగల దాదులు తీరిక లేక ఇయ్యలేనిదానిని, అక్షరము రాని స్త్రీలు తీరికతో నిచ్చిరి.

ఎడబాటు బిడ్డ మనస్సున నేమి చేయునో కన్నులకు గట్టించినది 1952 నాటి యొక చలనచిత్రము. లండను నగరమందలి టావిస్టాక్ క్లినిక్కున పనిచేయుచుండిన జేమ్స్ రాబర్ట్‌సన్ దానిని తీసెను. లారా అను రెండేండ్ల ఐదు నెలల బాలిక బొడ్డు దగ్గఱి వరిబీజమునకు శస్త్రచికిత్సకై ఎనిమిది దినములు ఆసుపత్రిలో నుండును. అప్పటి బ్రిటిష్ ఆసుపత్రులలో తల్లిదండ్రులు చూడవచ్చుటకు మిక్కిలి కొద్ది సమయము మాత్రమే అనుమతింపబడెడిది. తనకు నచ్చిన ఘట్టములనే యేరి తీసినాడను నింద రాకుండుటకై రాబర్ట్‌సన్ ప్రతిదినము నిర్ణీతవేళలకే తీసి, గోడగడియారమును సాక్ష్యముగ చూపెను. లారా పెద్దగా ఏడ్చినది కాదు. పెదవి బిగించి, కన్నీరు నాపుకొని, అమ్మ యెక్కడనని మెల్లగా నడుగుచుండెను. దినములు గడచినకొలది తల్లి వచ్చినను ముఖము త్రిప్పుకొనజొచ్చెను. ఇట్టి యెడబాటున బిడ్డ మొదట ప్రతిఘటించును, పిదప నిరాశలో మునుగును, తుదకు విముఖతను పొందునని రాబర్ట్‌సన్ మూడు దశలుగా వివరించెను. ఈ మూడవ దశనే ఆసుపత్రివారు "సర్దుకొన్నది" అని సంతోషించుచుండిరి. చిత్రమును చూచిన వైద్యులు మొదట మండిపడినను, 1959లో బ్రిటనున ప్లాట్ సంఘము రోగులైన పిల్లలను తల్లిదండ్రులు ఎప్పుడైనను చూడవచ్చునని సిఫారసు చేసెను. బిడ్డ మంచము చెంతనే చాప పఱచుకొని తల్లియో, అమ్మమ్మయో పండుకొనుట చూచిన మనకు ఇది యొక సంస్కరణముగా తోపకపోవచ్చును.

ఈ ముక్కలన్నిటిని ఒక సిద్ధాంతముగా కూర్చినవాడు అదే టావిస్టాక్ క్లినిక్కునకు చెందిన జాన్ బౌల్బీ. 1907లో లండనున సంపన్నకుటుంబమున పుట్టి, ఆ కాలపు ఆచారము ననుసరించి దాదిచేతిలో పెరిగి, తన ప్రియమైన దాది నాలుగేండ్ల ప్రాయమున విడిచిపోగా ఆ దుఃఖము నెఱిగినవా డాయన. 1951లో ప్రపంచ ఆరోగ్యసంస్థ కోరికపై ఇండ్లు లేని పిల్లల మానసికారోగ్యమును గూర్చి ఆయన సమర్పించిన నివేదిక అనేకదేశముల ఆశ్రమవ్యవస్థను కదలించెను. అప్పటివఱకు మనోవిశ్లేషకులును, వారికి బద్ధశత్రువులైన ప్రవర్తనావాదులును ఒక్క విషయమున మాత్ర మేకీభవించియుండిరి: బిడ్డ తల్లిని ప్రేమించుట పాలకొఱకే యని. బౌల్బీ దీనిని కాదనెను. శత్రుజంతువులు మెండుగా గల యడవులలో లక్షలయేండ్లు బ్రతికిన మానవజాతికి, శిశువు పెద్దవారి నంటిపెట్టుకొని యుండుటయే రక్ష. కనుక ఆకలి యెట్టిదో సాన్నిధ్యకాంక్షయు నట్టి స్వతంత్రమైన ప్రకృతిధర్మమేయని ఆయన వాదము. భయము కలిగినపుడు పరుగెత్తి చేరుటకును, భయము తీరినపిదప మఱల లోకమును పరిశోధించుటకై బయలుదేరుటకును బిడ్డకు ఒక స్థిరమైన ఆశ్రయము కావలయును. ఆ ఆశ్రయమైన వ్యక్తితో నేర్పడు బంధమునే ఆయన అనుబంధమని పిలిచెను.

పాలా, స్పర్శయా అను ప్రశ్నకు ప్రయోగరూపమైన సమాధానము అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హ్యారీ హార్లో చేతిలో దొరికెను. ఆయన పరీక్షించినవి రీసస్ కోతులు; ఉత్తరభారతమున విరివిగా కనబడు ఈ జాతికోతులను ఆ దినములలో మనదేశమునుండి వేలకొలది విదేశీ పరిశోధనాలయముల కెగుమతి చేయుచుండిరి; 1978లో భారతప్రభుత్వము ఆ యెగుమతిని నిషేధించెను. హార్లో పిల్లకోతులను పుట్టినవెంటనే తల్లులనుండి వేఱుచేసి, ప్రతి పంజరమున రెండు బొమ్మతల్లుల నుంచెను. ఒకటి వట్టి తీగెలతో చేసినది, మఱియొకటి మెత్తని గుడ్డ చుట్టినది. కొన్నిటికి తీగెబొమ్మ రొమ్మున పాలసీసా నమర్చెను. పాలకొఱకే ప్రేమయైనచో ఆ పిల్లలు తీగెతల్లినే యాశ్రయింపవలెను. కాని అవి పాలు త్రాగుటకు మాత్రమే అటు పోయి, తక్కిన దినమంతయు గుడ్డతల్లిని కఱచుకొనియే యుండెను. డోలు వాయించుచు కదలివచ్చు యంత్రపుబొమ్మను చూచి బెదరినపుడు పరుగెత్తినది గుడ్డతల్లి కడకే. 1958లో హార్లో ఈ ఫలితములను మనశ్శాస్త్రజ్ఞుల సభలో అధ్యక్షోపన్యాసముగ చదివెను. అయితే గుడ్డతల్లియు పూర్తిగ చాలలేదు: అట్లు పెరిగిన కోతులు తోటికోతులతో కలిసిమెలసి యుండలేక, తల్లులైనపిదప తమ పిల్లలను ఉపేక్షించుటయో, హింసించుటయో చేసెను. ఆయన తరువాతి కాలమున కోతిపిల్లలను నెలల తరబడి ఒంటరిగా నిర్బంధించి చేసిన ప్రయోగములు క్రూరములు. ప్రేమను గూర్చిన జ్ఞానము ఇంతటి నిర్దయతో సంపాదింపబడినదని మఱువరాదు.

ఇంతవఱకు చెప్పినదంతయు అనుబంధము లేనపు డేమగునను విషయము. అది యున్నచోట ఎట్లుండునో ఓపికతో కూర్చుండి చూచినది మేరీ ఐన్స్‌వర్త్. భర్త యుద్యోగమునుబట్టి 1954లో ఉగాండాకు పోయి, కంపాలా సమీపగ్రామములందలి 26 కుటుంబముల బిడ్డలను నెలల తరబడి పరిశీలించెను. ప్రాకుట నేర్చిన బిడ్డ తల్లినుండి కొంతదూరము పోయి, వెనుదిరిగి చూచి, మఱల వచ్చి ఆమె మోకాలు ముట్టి, ఇంకను దూరము పోవుట ఆమె అచట గమనించెను. బౌల్బీ చెప్పిన స్థిరాశ్రయము ఆ గ్రామపు వాకిళ్ళలో ఆమెకు ప్రత్యక్షమయ్యెను. తరువాత అమెరికాలోని బాల్టిమోరున మఱి 26 కుటుంబములను ఎన్నుకొని, మూడువారముల కొకసారి సుమారు నాలుగేసి గంటలు వారి యిండ్లలో గడపి, ఒక్కొక్క బిడ్డ మొదటి సంవత్సరమును వివరముగ వ్రాసికొనెను.

ఆ బిడ్డలకు ఏడాది నిండినపిదప ఆమె చేసిన పరీక్ష ఇరువది నిమిషములకు మించదు. బొమ్మలున్న అపరిచితమైన గదిలోనికి తల్లియు బిడ్డయు వత్తురు. కొంతసేపటికి తెలియని స్త్రీ యొకతె వచ్చును. తల్లి మెల్లగా బయటకు పోయి, మూడు నిమిషములలో తిరిగివచ్చును. మఱల పోయి, బిడ్డ నొక్కతనే కొంచెముసేపు విడిచి, మఱల వచ్చును. బిడ్డ ఏడ్చినదా లేదా అనునది ఇచట ముఖ్యము గాదు, తల్లి తిరిగివచ్చినపు డేమి చేసినదనునదే ముఖ్యము. సుమారు మూడింట రెండువంతుల బిడ్డలు తల్లిని చేరి, ఊరడిల్లి, తిరిగి ఆటలో పడిరి. కొందఱు తల్లి రాకను గమనింపనట్లే బొమ్మలవైపు ముఖము త్రిప్పుకొనిరి. మఱికొందఱు చేతులు చాచి యెత్తుకొమ్మనుచునే, ఎత్తుకొన్నపిదప కాళ్ళతో తన్నుచు ఊరడిల్లలేకపోయిరి. రెండవ తెగవారిని చూచి, "బుద్ధిమంతుడు, పేచీ లేదు" అని మనము మెచ్చుకొందుము. కాని గుండెవేగమును కొలిచి చూచిన తరువాతి పరిశోధకులకు, ఆ నిశ్శబ్దపు బిడ్డ గుండెయు ఏడ్చెడి బిడ్డ గుండెవలెనే వేగముగ కొట్టుకొనుచున్నట్లు తెలిసెను.

ఇండ్లలో వ్రాసికొన్న వివరములతో ఈ ఫలితములను సరిచూచినపుడు, ఊరడిల్లిన బిడ్డల తల్లులు మిక్కిలి తెలివిగలవారో, ఎప్పుడు నవ్వుచుండువారో కాదని తెలిసెను. బిడ్డ చేసెడి సంజ్ఞను గమనించి, దాని భావమును సరిగా గ్రహించి, ఆలసింపక తగినట్లు స్పందించుటయే వారి ప్రత్యేకత. ఎత్తు మరుగునను భయమునకు సమాధానము ఇచటనే కలదు. తొలినెలలలో ఏడుపునకు వెంటనే స్పందించిన తల్లుల బిడ్డలు ఏడాది చివరకు ఎక్కువగా గాక తక్కువగా నేడ్చుచుండిరని సిల్వియా బెల్లును ఐన్స్‌వర్తును 1972లో ప్రకటించిరి. ఏడ్చినచో పలుకుదురను నమ్మకము చిక్కిన బిడ్డ ఏడుపునకు బదులు సైగలను, కూతలను, చూపులను వాడుకొన నేర్చెను.

ఈ పరీక్షను లోకమంతట నొక్కతీరున నమ్మరాదని జపానువారి యనుభవము తెలిపినది. బిడ్డను క్షణమైనను ఒంటరిగా విడువని జపాను తల్లుల పిల్లలు, తల్లి గది విడిచిన తోడనే ఊరడింపరాని దుఃఖమునకు లోనైరి. అది బంధలోపము కాదు, అలవాటులేమి. ఉత్తరజర్మనీలో, పిల్లలు త్వరగా స్వతంత్రులు కావలెనని కోరు కుటుంబములలో ముఖము త్రిప్పుకొన్న బిడ్డలు హెచ్చుగా కనబడిరి. అయినను 1988లో ఎనిమిది దేశముల పరిశీలనములను కలిపి చూచిన డచ్చి పరిశోధకులకు, దేశమునకు దేశమునకు గల భేదముకంటె ఒక్కొక్క దేశములోపలి భేదమే ఎక్కువగ కనబడెను; నిశ్చింతగ నూరడిల్లు బిడ్డలే దాదాపు అంతటను అధికసంఖ్యాకులు.

బిడ్డకును పెద్దవారికిని నడుమ క్షణక్షణము జరుగు ఈ యిచ్చిపుచ్చుకొనుటను ఎడ్వర్డ్ ట్రానిక్ 1970 దశకమున మఱింత సమీపమునుండి చూచెను. కొంతసేపు బిడ్డతో ఆడిన తల్లిని, రెండుమూడు నిమిషములు ముఖమున ఏ భావమును కనబఱుపక ఊరక చూడుమని ఆయన కోరును. బిడ్డ మొదట చిఱునవ్వు నవ్వి పిలుచును, చేయి చూపును, కేక వేయును. అన్నియు వ్యర్థమైనపిదప చూపు త్రిప్పుకొని, ఒళ్ళు వంచి, వేలు చీకుచు తనలో తాను ముడుచుకొనిపోవును. కొన్ని నెలల పసికందు ఇంత త్వరగా ఇంత గ్రహించుట చూచిన తల్లులకు దిగులు కలుగును. కాని ట్రానిక్ పరిశీలనమున వారిని ఓదార్చు విషయమును కలదు: ఆరోగ్యమైన తల్లీబిడ్డల నడుమను భావములు సరిగా నొదిగియుండు సమయము మూడవవంతు మాత్రమే; తక్కిన కాలమంతయు పొరపాటుపడుటయు, సవరించుకొనుటయు. ఆ సవరించుకొనుటలోనే బిడ్డకు ధైర్య మబ్బును. కనుక లోపము లేని తల్లి యెవరికిని అవసరము లేదు.

ఇక రుమేనియా కథ. నియంత చౌసెస్కూ 1966లో గర్భస్రావమును నిషేధించి జనాభాను పెంచబూనగా, పోషింపలేని కుటుంబములు విడిచిన బిడ్డలతో ప్రభుత్వాశ్రమములు నిండిపోయెను. 1989లో ఆ ప్రభుత్వము కూలునాటికి లక్షకు పైగా పిల్లలు వానిలో మ్రగ్గుచుండిరి. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అను మువ్వురు అమెరికా పరిశోధకులు 2000లో బుకారెస్టున ఒక అధ్యయనమును ప్రారంభించిరి. ఆఱు నెలలు మొదలు రెండున్నరయేండ్ల వఱకు గల 136 మంది ఆశ్రమశిశువులను తీసికొని, చీట్లు వేసినట్లు రెండుగా పంచి, సగమందిని పోషకకుటుంబముల కప్పగించిరి. తక్కినవారు అప్పటి వ్యవస్థలోనే యుండిరి. సగమందిని విడిచిపెట్టుట ధర్మమా యను ప్రశ్న రాక మానదు. నగరమున అప్పటికి పోషకకుటుంబవ్యవస్థ దాదాపు లేనే లేదు. ఆ కుటుంబములను వెదకి, జీతమిచ్చి, తర్ఫీదు చేసినవారు పరిశోధకులే. రెండవ తెగ బిడ్డలను ఎవరు ఎప్పుడు ఇంటికి తీసికొనిపోదుమన్నను వారు అడ్డు చెప్పలేదు.

నాలుగున్నరయేండ్ల వయస్సున కొలువగా ఆశ్రమమున నిలిచినవారి ప్రజ్ఞాలబ్ధి సగటున 73, పోషకకుటుంబములకు పోయినవారిది 81, మొదటినుండి కన్నవారియొద్ద పెరిగిన బుకారెస్టు పిల్లలది 109. రెండేండ్లు నిండకమునుపే కుటుంబమును చేరినవారు తక్కినవారికంటె హెచ్చుగా కోలుకొనిరి. మెదడు విద్యుత్స్పందనములను కొలిచిన పరీక్షలును ఇదే తెలిపెను. అనుబంధము విషయమున తేడా మఱింత స్పష్టము: కుటుంబములలోనివారు సుమారు సగమంది నిశ్చింతమైన బంధము నేర్పఱచుకొనగా, ఆశ్రమములలోనివారిలో అట్టివారు ఆఱవవంతు మాత్రమే. మొక్కై వంగనిది మానై వంగునా యను సామెత ఇచట సగము సత్యమే. కాలము గడచినకొలది పని కష్టమగును. కాని ఆలస్యముగ చేరిన బిడ్డకును ఇల్లు మేలు చేయకపోలేదు. ఈ ఫలితములును అంతర్జాతీయముగ వచ్చిన యొత్తిడియు కలిసి, 2004లో రుమేనియా రెండేండ్లలోపు బిడ్డలను ఆశ్రమములలో చేర్చుటను చట్టముచే నిషేధించెను.

తల్లిదండ్రులుండియు బీదఱికమున నలిగెడి బిడ్డల మాటేమి? జమైకా రాజధాని కింగ్‌స్టనున 1986లో సాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందము పోషకాహారలోపముచే ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలను ఎన్నుకొని, కొందఱికి పాలపొడి, కొందఱికి ఆటపాటలు, కొందఱికి రెండును ఇచ్చి, కొందఱి నట్లే విడిచెను. ఆటపాటలనగా పెద్ద యేర్పాటేమియు గాదు: పేటలోని ఆరోగ్యకార్యకర్త వారమున కొకగంట ఇంటికి పోయి, ఖాళీసీసాలతోను, గుడ్డపేలికలతోను చేసిన బొమ్మలతో బిడ్డను ఆడించుచు, తల్లికి ఆ యాటను నేర్పెడిది. రెండేండ్లు ఇట్లు చేసి విడిచిరి. ఇరువదేండ్ల తరువాత చూడగా, ఆటపాటలు పొందినవారి సంపాదన పొందనివారికంటె నూటికి 25 వంతులు హెచ్చుగ నుండెను. పాలపొడి మాత్రమే పొందినవారికి అట్టి శాశ్వతలాభము కనబడలేదు.

మన అంగన్‌వాడీలకు ఇది నేరుగ వర్తించును. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమున మూడేండ్లలోపు బిడ్డలకు ప్రధానముగ అందునది ఇంటికిచ్చు ఆహారమే. మన తెలుగు రాష్ట్రములలో బాలామృతము పొట్లమును తీసికొనుటకు తల్లి కేంద్రమునకు వచ్చును, సంతకము చేసి పోవును. పుట్టిననాటినుండి మూడేండ్ల వఱకు బిడ్డతో ఎట్లు ఆడవలెనో, మాటలాడవలెనో తెలుపుచు 2024లో కేంద్రప్రభుత్వము నవచేతన యను ప్రణాళికను ప్రకటించినది. అది కాగితముపైననే యుండక ఆ పొట్లముతోబాటు గడపగడపకు చేరవలెనన్నచో, తూకము చూచి రిజిస్టర్లు నింపుటతోనే దినము గడచిపోవు అంగన్‌వాడీ టీచరునకును ఆయమ్మకును కొంత తీరిక కల్పింపవలసియుండును. అయోవాలోను, కింగ్‌స్టనులోను పనిచేసిన దినుసు తీరికయే కదా.

ఈ శాస్త్రమును అపార్థము చేసికొన్నవారును లేకపోలేదు. తల్లి యిల్లు కదలరాదనియు, ఉద్యోగమునకు పోవు స్త్రీ బిడ్డకు ద్రోహము చేయుచున్నదనియు బౌల్బీ పేరుచెప్పి వాదించిరి; తొలి రచనలలో తల్లినే అంతగా నొక్కి చెప్పిన బౌల్బీకిని అందు కొంత బాధ్యత కలదు. మైకెల్ రట్టర్ 1972లో ఆ వాదమును పునఃపరిశీలించి, బిడ్డ ఒకరికంటె నెక్కువమందితో గాఢబంధములు పెంచుకొనగలదనియు, హాని కలిగించునది తల్లి పనికి పోవుట గాక బంధములు తెగుటయు అసలేర్పడకపోవుటయు ననియు స్పష్టపఱచెను. అమెరికాలో 1991 నుండి వేయికి పైగా బిడ్డలను వెంబడించి చూచిన అధ్యయనమును, శిశుసంరక్షణ కేంద్రమున విడిచినంతమాత్రమున తల్లితో బంధము చెడదని తేల్చెను. నాయనమ్మయు, మేనత్తయు, తండ్రియు, తాతయు కలసి పెంచెడి మన యిండ్లకు ఇది ఊరట. ఐన్స్‌వర్త్ చేసిన ఏడాది వయస్సునాటి పరీక్ష జాతకమును గాదు. తరువాత దొరికిన మంచి గురువో, స్నేహమో, దాంపత్యమో పాత గాయములను మాన్పినట్లు దీర్ఘకాల పరిశీలనములు చూపుచున్నవి.

తుదకు చదువరులకు ఒక మనవి. పుట్టినరోజునాడో, పెద్దల ఆబ్దికమునాడో అనాథాశ్రమమునకు పోయి, పిల్లలకు భోజనము పెట్టి, బట్టలు పంచి, వారితో ఫొటో తీయించుకొని వచ్చుట మనలో నిప్పుడు సదాచారముగా స్థిరపడినది. అన్నదానమును తప్పుపట్టువా డెవడు? కాని వారమున కొక కొత్తముఖము వచ్చి ముద్దాడి మాయమగుట ఆ బిడ్డలకు మేలు చేయదు. బాలల న్యాయచట్టము 2015లోనే ఆశ్రమవాసము కట్టకడపటి మార్గము మాత్రమే కావలెనని సూత్రీకరించినది. పసివారికి చట్టబద్ధమైన దత్తతయు, పెద్దపిల్లలకు పోషకకుటుంబమును ఆ చట్టము చూపిన దారులు. స్తోమతయు మనస్సును గలవారు జిల్లా బాలల పరిరక్షణ విభాగమునకు పోయి ఆ దారులను విచారింపవలెను. అంతటి భారమును మోయలేనివారు తాము విరాళమిచ్చు ఆశ్రమమున ఈ రెండు ప్రశ్నలైనను అడుగవలెను: ఇచట ఒక్కొక్క ఆయమ్మకు ఎందఱు పసిబిడ్డలు? పోయిన సంవత్సరమున్న ఆయమ్మయే ఈ సంవత్సరమును ఉన్నదా? సమాధానము తృప్తికరముగా లేనిచోట, పదిమందికి బిరియానీ పెట్టించుటకంటె ఇంకొక ఆయమ్మకు ఏడాది జీతమిచ్చుటయే మేలైన దానము.